అటూ ఇటూ నాలుగు

లేవార్డెన్ ఊరి చివర పెట్రోలు బంకు.
తలుపు పైన, మూడు మీటర్ల ఎత్తులో కెమెరా.
దాని గడియారం ఏడు నిమిషాలు ముందు నడుస్తుంది,
దాని కటకం గీతల్ని విల్లులా వంచుతుంది,
అబద్ధమాడే సాక్షిలా కాదు,
చూపు ఆనని ముసలి సాక్షిలా.

జనవరి రాత్రి, కెమెరా లెక్కలో రెండూ పదకొండు,
అసలు లెక్కలో రెండూ నాలుగు,
ఒకడు లోపలికొచ్చాడు.
తలకి ముసుగు, చేతిలో గుడ్డ చుట్టిన ఏదో.
కౌంటర్లో ఉన్న బౌక్యె ఉంగరంతో సహా ఇచ్చేసింది.
నిలువు దోపిడీ అంటాం కదా,
నిలువు మాత్రం ఎవరూ చూడలేదు.
"పొడుగే," అందామె. కాసేపాగి, "మరీ పొడుగు కాదు."
భయపెట్టిన మనిషి ఎప్పుడూ ఓ జానెడు ఎక్కువే ఉంటాడు.

నా పని ఆ జానెడు తీసెయ్యడం.

ఏడాది తర్వాత, ఆదివారం తెల్లవారుజామున
బంకు మూయించి
ఎరుపు తెలుపు పట్టీల కొలకర్ర పట్టుకుని వెళ్లాను.
అదృష్టం, కెమెరా మార్చలేదు. తుడవనూ లేదు,
పాత సాలెపోగు ఇంకా ఎడమ మూలన ఊగుతోంది.
కిటికీ నుంచి నాలుగో పలకా, ఫ్రిజ్ నుంచి రెండోదీ
కలిసే చోట వాడి కుడి మడమ.
అక్కడ వీబెని నిలబెట్టాను,
నా దగ్గర పనిచేసే కుర్రాడు, కచ్చితంగా నూట ఎనభై.
పాత బొమ్మ మీద కొత్త బొమ్మ పరిచాను.
వీబె భుజాల్లోంచి ఇంకెవరివో భుజాలు తొంగిచూశాయి.

"కొంచెం వంగు. అడుగు వెయ్యి. ఆగు."
నడిచే మనిషి నిలబడ్డ మనిషికంటే పొట్టి.
కాళ్లు బారజాపినప్పుడు కుంగుతాడు,
ఒక కాలు మరో కాలిని దాటే క్షణంలో మళ్లీ లేస్తాడు.
వీధుల్లో మనమంతా అలల్లా వెళ్తున్నాం,
ఎవరికీ తెలీకుండా.
బూటు అడుగుకి మూడు తీసెయ్యి.
ముసుగు కింద జుట్టుంటే ఎంత? గుండైతే ఎంత?
పొద్దున్నుంచి రాత్రికి వేలి మందం తగ్గుతాం,
వెన్నుపూసలకీ రోజంతా బరువే.
అన్నీ కలిపి, తీసి, నివేదికలో రాశాను:
నూట డెబ్బై ఎనిమిది. అటూ ఇటూ నాలుగు.

కోర్టులో యోరిట్ నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్లు.
గోడకి ఆనించి కొలిస్తే నూట ఎనభై నాలుగు.
రెండు సెంటీమీటర్లు చాలు ఇంటికి పోవడానికి,
అన్నట్టు నవ్వాడు అతని వకీలు.
ప్రభుత్వ న్యాయవాది లేచింది.
"అప్పటికి ఇతనికి పదిహేడు. ఎదిగాడు."
ఎంత?
ఎవరి దగ్గరా లేదు. బడి డాక్టరు చివరిసారి కొలిచింది
పదమూడేళ్లప్పుడు.
వాళ్లమ్మని అడిగితే,
"ఏటా ప్యాంట్లు కొనలేక చస్తున్నాను," అనేసి
చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

జడ్జి నా వైపు తిరిగాడు. "ఒక్క అంకె చెప్పండి, మేడమ్."
ఒక్క అంకె నా దగ్గర లేదండీ.
ఉన్నది ఒక వెడల్పు.
అందులో అప్పటి ఈ అబ్బాయి పడతాడేమో.
ఫ్రీస్‌లాండ్ కుర్రాళ్లు చాలామంది పడతారు.
వీబె పడతాడు.
బూట్లేసుకుంటే నేనూ పడతాను.
గుమాస్తా టైపు చెయ్యడం ఆపేశాడు.
తీర్పు రెండు వారాల తర్వాత.

బయట వాన పట్టేలా ఉంది. సైకిళ్ల వరసలో
అతను వంగి తాళం తీస్తున్నాడు.
సీటు గొట్టం మీద తుప్పు గీసిన ఒక వలయం,
ఇప్పటి బిగింపుకి రెండు వేళ్లు పైన.
ఒకప్పుడు గొట్టం అక్కడిదాకా లోపలే ఉండేది.
ఏ జనవరిలోనో తుప్పు చెప్పదు.
కాళ్ల పొడవు మనిషి పొడవు కాదు,
ఇది సాక్ష్యమూ కాదు, నాకు తెలుసు.
అయినా నా కన్ను అడక్కుండానే కొలిచేసింది.

అతను నన్ను చూశాడు. గుర్తుపట్టాడు.
సీటెక్కబోయి, దిగి,
మీట వదులు చేసి
ఇంకో బొటనవేలంత పైకి లాగి
బిగించుకుని వెళ్లిపోయాడు.